డోలీకి భుజం పట్టిన రోజు

పాడేరు అవతల మా స్నేహితుడి ఊరికి మొన్న ఆదివారం వెళ్లాను. తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపేసి నాలుగు కిలోమీటర్లు కొండెక్కాలి. సగం దారిలో డోలీ ఎదురొచ్చింది. వెదురు కర్రకు దుప్పటి కట్టి అందులో ఒక ముసలామెను మోసుకొస్తున్నారు. ముందొకరు, వెనకొకరు. పక్కన ఇంకో ఇద్దరు, భుజం మార్చుకోడానికి. "అంబులెన్సు కిందకి వస్తాది బాబూ, అక్కడిదాకా మేమే అంబులెన్సు" అని నవ్వాడు ఒకాయన. నాకు నవ్వు రాలేదు.

నేనూ భుజం పెట్టాను. వంద అడుగులు కూడా వేయలేదు, కర్ర ఎముకలోకి దిగిపోయింది. తువ్వాలు మడిచి భుజం మీద వేసుకోవాలని నాకేం తెలుసు!

పల్లెలకి రోడ్లేసే కేంద్ర పథకం, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, 2000లో మొదలైంది. మైదానంలో 500 మంది, కొండల్లో 250 మంది ఉన్న ఊళ్లకి రోడ్డు అన్నారు. ఈ ఊళ్లో గడపలు ముప్పై. లెక్క కుదరలేదు. 2023లో వచ్చిన జన్‌మన్ పథకంలో ఆదిమ తెగల గూడేలకి 100 మంది ఉంటే చాలన్నారు. సర్వే వాళ్లు వచ్చి వెళ్లారట, ఊరివాళ్లు బండల మీద ఎర్ర రంగు గుర్తులు చూపించారు. వానకి సగం చెరిగిపోయాయి.

అయినా రోడ్డొక్కటే వస్తే సరిపోతుందా? సంతకి మిరియాల మూట నెత్తిన పెట్టుకుని దిగే ఆడవాళ్లకి బస్సూ కావాలి కదా.

తిరిగి వచ్చేటప్పుడు మా స్నేహితుడి అమ్మ అడిగింది, "మళ్లీ ఎప్పుడొస్తావు నాయనా, రోడ్డు పడ్డాకా?" అని.