లియొంటీన్ ప్రైస్ ‘వద్దు’ అన్న ఐదా

నా దగ్గర గాత్రం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి మహా తొందర. గీతాలు అయిపోయాయి కదా, ఇక టీవీ ఆడిషన్‌కి పంపిద్దామా అంటారు. వాళ్ళకి నేను ఈ మధ్య లియొంటీన్ ప్రైస్ గురించి చెబుతున్నాను. అమెరికన్ ఒపేరా గాయని (ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం), సొప్రానో, అంటే పై స్థాయిలో పలికే ఆడ గొంతు. ఆమె పాడినవాటితో పాటు, పాడనని చెప్పిన ఒక అవకాశం గురించి కూడా అందరికీ తెలియాలని నా కోరిక.

మిసిసిపీ రాష్ట్రంలో లారెల్ అనే ఊళ్ళో 1927లో పుట్టారు. నల్లజాతి కుటుంబం. తండ్రి కలప మిల్లులో కార్మికుడు, తల్లి మంత్రసాని, చర్చిలో పాడేది. కూతురికి సంగీతం వస్తోందని గ్రహించి, ఇంట్లో ఉన్న గ్రామఫోన్‌ని ఇచ్చేసి దాని విలువని పియానోకి మొదటి వాయిదా కింద కట్టారు. ఆ తల్లిదండ్రులంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను. చిన్నప్పుడే తల్లి ఆమెని జాక్సన్ నగరానికి తీసుకెళ్ళి ప్రసిద్ధ నల్లజాతి గాయని మరియన్ ఆండర్సన్ కచేరీ వినిపించింది. అయినా ఒహాయోలో కాలేజీలో చేరినప్పుడు అనుకున్నది టీచర్ ఉద్యోగమే. తర్వాతే న్యూయార్క్‌లో జూలియర్డ్ సంగీత పాఠశాలకి వెళ్ళారు. అక్కడ ఫ్లోరెన్స్ పేజ్ కింబాల్ ఆమె గురువు.

1955లో అమెరికాలోని ఎన్.బి.సి. టీవీలో ‘టోస్కా’ ఒపేరా పాడితే, నల్లజాతి గాయని నాయిక వేషం వేసిందని దక్షిణాది స్టేషన్లు కొన్ని ప్రసారం చేయలేదు. అదే ఏడాది జనవరిలో మరియన్ ఆండర్సన్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో (అందరూ ‘మెట్’ అంటారు) పాడిన మొదటి నల్లజాతి గాయని అయ్యారు. తలుపు కొంచెం తెరుచుకుంది, అంతే.

1958లో మెట్ మేనేజర్ రుడాల్ఫ్ బింగ్ నుంచి ప్రైస్‌కి పిలుపు వచ్చింది: ‘ఐదా’ రెండు ప్రదర్శనలు పాడమని. ఇటలీ స్వరకర్త వెర్డీ రాసిన ఆ ఒపేరాలో ఐదా ఇథియోపియా రాజకుమారి, ఈజిప్టులో బానిసగా బతుకుతుంటుంది. ప్రైస్‌కి ఆ పాత్ర కొట్టిన పిండి. అప్పటికే శాన్ ఫ్రాన్సిస్కోలో, ఐదాగా పాడాల్సిన గాయనికి అపెండిసైటిస్ వస్తే, ఆ స్థానంలో పాడారు. వియన్నాలో ఆర్కెస్ట్రా సంచాలకుడు కరాయన్ దగ్గరా పాడారు. అంత పెద్ద వేదిక మీద అరంగేట్రం, చేతికి అందివచ్చిన పాత్ర. అయినా వద్దన్నారు. ఎన్.బి.సి. ఒపేరా సంచాలకుడు పీటర్ హెర్మన్ ఆడ్లర్ ఇచ్చిన సలహా అది: మెట్‌లో మొదటిసారి అడుగు పెట్టేటప్పుడు బానిసగా కాదు, దొరసానిగా పెట్టాలి.

ఆ వయసులో, ఆ రోజుల్లో, ఆ సంస్థకి కాదని చెప్పడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. మళ్ళీ పిలుస్తారన్న హామీ ఏముంది? ఆమె యూరప్‌లో పాడుతూ ఉండిపోయారు. 1960లో మిలాన్‌లోని లా స్కాలాలో ఐదా పాడారు, ఇటాలియన్లకి వాళ్ళ వెర్డీనే వినిపించారు. ఇటలీలోనే వెరోనాలో ఆమె పాటా, గాయకుడు ఫ్రాంకో కొరెల్లీ పాటా విని బింగ్ ఇద్దర్నీ పిలిచారు. 1961 జనవరి 27న వెర్డీ ఒపేరా ‘ఇల్ ట్రొవటోరే’తో ఇద్దరికీ మెట్‌లో అదే మొదటి రాత్రి. ఈసారి ఆమె పాత్ర లియొనోరా, రాజసభలోని ఉన్నత వంశపు స్త్రీ. చివర్లో చప్పట్లు 42 నిమిషాలు మోగాయని చెబుతారు.

గొంతు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఒపేరాలో మైకు ఉండదు. ఇప్పటి మెట్ హాలులో దాదాపు 3,800 సీట్లు. నిండు ఆర్కెస్ట్రాని దాటుకుని చివరి వరసదాకా గొంతే చేరాలి. ఐదు శ్రుతిలో పాడే మేము తార పంచమం అందుకుంటే సంతోషిస్తాం. ఐదా మూడో అంకంలో నైలు ఒడ్డున పాడే ‘ఓ పాత్రియా మియా’ లెక్క వేరు. మా శ్రుతిలో చెప్పాలంటే తార షడ్జం పైన ఇంకో షడ్జం, దాని పైన శుద్ధ మధ్యమం దాకా వెళ్ళాలి. అదీ అరిచి కాదు, మృదువుగా. ఇక నా దేశాన్ని చూడలేను అనే బాధ ఆ స్వరంలో వినపడాలి.

అలాంటి గొంతు కూడా మొరాయించిన రోజుంది. 1961లోనే మరో ఇటలీ స్వరకర్త పుచ్చీనీ ఒపేరా ‘ఫాంచుల్లా’ రెండో ప్రదర్శనలో గొంతు పోయింది. మాటలు గట్టిగా పలుకుతూ ఆ అంకం ముగించారు, మూడో అంకం పాడడానికి ఆమె బదులు మరో గాయని డొరొతీ కిర్‌స్టెన్ వచ్చారు. తర్వాత కొన్ని వారాలు పాడలేదు. డెబ్బైల్లో ఒపేరాలు తగ్గించి కచేరీలు పెంచారు. గొంతుని కాపాడుకోవడమూ సాధనలో భాగమేనని నేను క్లాసులో ప్రతి వారం చెబుతాను. పిల్లలు వింటారు, పెద్దవాళ్ళకే టెన్షన్.

1966లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో మెట్ కొత్త భవనం ప్రారంభానికి అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ ఆమె కోసమే ‘ఆంటోనీ అండ్ క్లియోపాత్రా’ ఒపేరా రాశారు. సెట్టింగుల హంగామా ఎక్కువైంది. రిహార్సల్లో ఆమె సెట్టింగు పిరమిడ్‌లో చిక్కుకుపోయారు కూడా. విమర్శకులకి ఒపేరా నచ్చలేదు. ఆమె పాడిన ఘట్టాలు మాత్రం నిలిచాయి, వాటిని బార్బర్ తర్వాత కచేరీకి అనువుగా విడిగా కూర్చారు.

1985 జనవరి 3న మెట్‌లో చివరి ఒపేరా పాడారు. ఆ రాత్రి ఎంచుకున్నది ఐదా! యాభై ఏడేళ్ళ వయసులో, గొంతు ఇంకా పలుకుతుండగా. టీవీలో ప్రసారమైన ఆ ప్రదర్శన వీడియో దొరుకుతుంది. ‘ఓ పాత్రియా మియా’ తర్వాత చప్పట్లు ఎంతకీ ఆగవు. మా పెద్ద క్లాసు పిల్లలకి ఆ వీడియోకి ముందు, ఆమె పడుచు వయసులో ఉండగా ఆర్కెస్ట్రా సంచాలకుడు షోల్టీతో రోమ్‌లో రికార్డు చేసిన ఐదాలో ఇదే పాట వినిపిస్తాను. రెండూ అదే వరసలో వినండి.