విడిభాగం విప్పని దేశంలో పాత లగ్జరీ కారు

నా పాత లగ్జరీ కారు సస్పెన్షన్‌కు గాలి నింపే, పాడైన కంప్రెసర్‌ను విప్పి బాగుచేయడం కుదరదా అని అడిగినందుకు మా వర్క్‌షాపు మైస్టర్ (అర్హత పరీక్ష గట్టెక్కిన పెద్ద మెకానిక్) చేతిలోని టార్చిలైటు బల్లమీద పెట్టి, "ఇది కొత్తగా ఉన్నప్పుడు లక్ష యూరోల కారు. మీరు ఎంతకు కొన్నారో దీనికి తెలియదు" అన్నాడు. గొంతు పెంచలేదు, నవ్వనూ లేదు. స్టుట్‌గార్ట్ పరిసరాల్లో ఉద్యోగం చేస్తూ జర్మన్ల ముక్కుసూటితనానికి బాగా అలవాటుపడ్డాననుకున్న నాకు కూడా ఆ మాట ఒక పట్టాన మింగుడుపడలేదు. నేను బేరమాడుతున్నానని అతను అనుకున్నట్టున్నాడు. చెడిపోయిన వస్తువును పారవేసే ముందు ఒకసారి విప్పి చూడమన్నానే తప్ప ధర తగ్గించమని నేను అడగలేదు.

కారు జబ్బు చాలా మామూలుది. ఈ తరగతి కార్లలో చాలావాటికి ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉంటాయి. వయసు మీదపడేకొద్దీ ఆ రబ్బరు మడతల దగ్గర సన్నగా పగుళ్లిచ్చి గాలి వదిలేస్తుంది. రాత్రి సమంగా నిలిపిన కారు తెల్లవారేసరికి ఒక మూలకు కుంగి కనిపించడం దీని మొదటి గుర్తు. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ విశ్రాంతి లేకుండా తిరిగి, వేడెక్కి, చివరికి కాలిపోతుంది. కాబట్టి కంప్రెసర్ ఒక్కటి మార్చి తిత్తులను అలాగే వదిలేస్తే కొత్తది కూడా అదే దారి పడుతుందని మైస్టర్ చెప్పిన మాటలో తర్కం ఉంది, దాన్ని నేను కాదనలేదు. నాకు నచ్చనిది, పాత కంప్రెసర్‌లో అరిగింది పిస్టను రింగా, కాలింది మోటారా అని తెలుసుకోవాలన్న కుతూహలం కూడా ఆ షెడ్డులో ఎవరికీ లేకపోవడం.

మన దగ్గర మేస్త్రీ అయితే ముందు దాన్ని విప్పేవాడు. రింగు దొరక్కపోతే మరో బండిది సరిపోతుందేమో చూసేవాడు. అదీ కాకపోతే గాలి తిత్తులన్నీ తీసేసి మామూలు స్ప్రింగులు బిగించి, "ఇక దీని బాధ లేదు సార్" అని తేల్చేవాడు. అలా మార్చే కిట్లు ఇక్కడ కూడా అమ్ముతారు. కానీ బండికి ఆమోదం పొందిన నిర్మాణాన్ని ఆ విధంగా మారిస్తే, అందుకు తగిన ధ్రువపత్రం చూపించి, అవసరమైనచోట తనిఖీ చేయించి కాగితాల్లో రాయించుకోవాలి. లేకపోతే రోడ్డుమీద తిరిగే అనుమతే రద్దు కావచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నా అదే. మేస్త్రీ తెలివికి ఇక్కడ చట్టమే అడ్డుగోడ అని తెలిసినా, ఆ తెలివి మీద నాకున్న గౌరవం మాత్రం తగ్గలేదు.

దీని గురించి ఎంత ఆలోచించినా చివరికి లెక్క ఒక్కచోటే తేలుతుంది. మన దేశంలో చేతి పని చవక, విడిభాగం ఖరీదు. అందువల్ల మనిషి రెండు పూటలు కూర్చుని వస్తువును బతికిస్తాడు. ఇక్కడ కంపెనీ వర్క్‌షాపుల్లో గంట కూలి చాలాచోట్ల 200 యూరోలు దాటిపోయింది, దానిపైన 19 శాతం పన్ను. రెండు గంటలు విప్పి చూసి "లాభం లేదు" అని చెబితే, ఆ రెండు గంటల డబ్బుతో, ఫ్యాక్టరీలో బాగుచేసి మళ్లీ అమ్మే కంప్రెసర్ చాలావరకు వచ్చేస్తుంది. పైగా కారు యంత్రభాగాలూ ఎలక్ట్రానిక్సూ రెండూ చూసే మెకాట్రానిక్స్ పనివాడు మూడున్నరేళ్లు శిక్షణ పొందాడు, సాధారణంగా సొంత వర్క్‌షాపు నడపాలంటే మైస్టర్ పరీక్ష గట్టెక్కాలి. ఆ చదువు ఖర్చు కూడా గంట కూలిలో కలిసే ఉంటుంది. మామూలు కారులో ఈ పద్ధతి ఎవరినీ పెద్దగా బాధించదు. లగ్జరీ కారులో మాత్రం చెయ్యీ ఖరీదే, వస్తువూ ఖరీదే. ఏడెనిమిదేళ్లలో కారు ధర సగానికి పైగా పడిపోతుంది గాని, దాని హెడ్‌లైటు ధర ఒక్క యూరో కూడా దిగదు.

మిగిలిన జబ్బులూ ఇదే బాపతు. కొన్ని ఇంజిన్లలో వాల్వులను సమయానికి నడిపే టైమింగ్ చెయిన్‌ను వెనక, గేర్‌బాక్సు వైపు పెట్టారు. చెయిన్, దాని ప్లాస్టిక్ గైడ్ల ధర భరించదగినదే, కానీ అక్కడికి చేరాలంటే తరచుగా ఇంజినునో గేర్‌బాక్సునో దించాలి, బిల్లంతా ఆ గంటలదే. సన్‌రూఫు నీటి గొట్టాల్లో ఆకులు అడ్డుపడితే వాన నీరు తివాచీ కిందికి దిగి, అక్కడున్న కంట్రోల్ యూనిట్‌ను తడిపేస్తుంది. బ్యాటరీ మార్చినా చాలా మోడళ్లలో కొత్తది వచ్చిందని కంప్యూటరుకు నమోదు చేయాలి. అలా చేయకపోతే పాత బ్యాటరీ లెక్కనే చార్జింగ్ సాగుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె జీవితాంతం పనిచేస్తుందని కార్ల కంపెనీలు రాస్తే, గేర్‌బాక్సు తయారుచేసే జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఎవరి జీవితాంతం అని అడగాలనిపిస్తుంది.

ఇన్ని తెలిసి ఎందుకు కొన్నావని ఆఫీసులో ఒక సహోద్యోగి అడిగాడు. నా జీతమే వచ్చే ఆయన సాదాసీదా పాత స్టేషన్ వ్యాగన్‌లో వస్తాడు, దాని గురించి ఆయనకు ఏ బెంగా లేదు. మనవాళ్లు ఈ కార్లు కొనేది ఊరికి ఫొటో పంపడానికేనని చాలామంది ఎగతాళి చేస్తారు. ఫొటో పంపిన మాట నిజమే, మా అమ్మ దాన్ని బంధువులందరికీ చూపించిన మాటా నిజమే. కానీ వేగ పరిమితి లేని ఆటోబాన్ మీద పిల్లలు వెనక నిద్రపోతుండగా చప్పుడు లేకుండా సాగిపోయే ఆ ప్రయాణం కూడా నిజమే కదా! మన జీతగాడికి కొత్తదాని ధర అందదు, పాతదైతే అందుతుంది. ఆ అందుబాటు మీద ఆశపడటంలో సిగ్గుపడవలసింది నాకేమీ కనిపించదు.

ఆశతో పాటు జాగ్రత్తా పడవచ్చు. నేను డీలరు దగ్గరే కొన్నాను. ఇక్కడి చట్టం ప్రకారం పాత కారైనా సరే, సొంత వాడకానికి కొన్నవారికి డీలరు కనీసం ఏడాది పూచీ ఇవ్వాలి. 2022 నుంచి ఆ మొదటి ఏడాదిలో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉందని భావిస్తారు, కాదని నిరూపించుకోవలసింది డీలరే. వయసుతో వచ్చే అరుగుదల మాత్రం ఆ లెక్కలోకి రాదు, గాలి తిత్తులది దాదాపు ఎప్పుడూ అరుగుదలే అంటారు. వ్యక్తుల దగ్గర కొంటే ఆ పూచీ కూడా ఒక్క వాక్యంతో కొట్టిపారేయవచ్చు. ఇక రెండేళ్లకొకసారి జరిగే సాంకేతిక పరీక్షలో ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం వెలిగి కనిపించినా పెద్ద లోపంగా రాస్తారు, నెలలోగా బాగుచేయించి మళ్లీ చూపించాలి. ఇరుకున పెట్టే నియమమే అయినా, ఈ రోడ్ల మీద బ్రేకుల్లేని బండి ఎదురుపడుతుందన్న భయం లేకపోవడానికి కారణం కూడా అదే.

మైస్టర్ విషయానికొస్తే, పని పూర్తయ్యాక అతను పాత తిత్తులను పక్కన పెట్టి ఉంచి, పగుళ్లను గోటితో విడదీసి చూపించాడు. కార్ల కంపెనీకి భాగాలు చేసిచ్చే తయారీదారే ఆ కంపెనీ ముద్ర లేకుండా అమ్మే భాగాలు వేసి కొంత డబ్బు మిగిల్చినట్టు బిల్లులో వరుసగా రాశాడు. నేను అడగకముందే చేసిన ఈ పనికి అతనికి కృతజ్ఞత చెప్పాను. కంప్రెసర్ మాత్రం విప్పలేదు. పాతది తిరిగి ఇస్తే డిపాజిటు వెనక్కు వస్తుందని సరఫరాదారుకు పంపేశాడు, అంటే దాన్ని ఎక్కడో మరో మేస్త్రీ విప్పి బాగుచేసే ఉంటాడు. వచ్చే పరీక్షకు ముందు గేర్‌బాక్సు నూనె మార్చడానికి ఖర్చు అంచనా అడిగాను, కాగితం వచ్చింది. అందులో వేసిన గంటల సంఖ్య మీద మాకింకా ఏకీభావం కుదరలేదు.