ఎయిర్‌బస్సులో ఆర్టీసీ డ్రైవరు

"విమానాన్ని రివర్స్ ఎట్లా తీస్తార్రా?"

టికెట్లు బుక్ చేశానని ఫోన్లో చెప్పగానే మా బాబాయి అడిగిన మొదటి మాట ఇది. ఖమ్మం డిపోలో 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. విశాఖలో ఉంటున్న కూతురి కొడుక్కి అన్నప్రాశన. పిన్ని నాలుగు రోజుల ముందే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిపోయింది. కంటి ఆపరేషన్ తర్వాత చెకప్ ఉండటంతో బాబాయి హైదరాబాద్‌లో మా ఇంట్లో ఆగిపోయాడు. ఆయన్ని తీసుకొచ్చే డ్యూటీ నాకు పడింది. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ని. ఎప్పుడో పరీక్ష రాసి మరచిపోయిన సంగతులన్నీ ఆ రెండు రోజుల్లో తవ్వి తీయాల్సొచ్చింది.

శంషాబాద్‌లో మా విమానం గంటన్నర లేటు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. బోర్డు మీద టైము మారుతూ పోయింది, కౌంటర్లో అడిగితే "ఆపరేషనల్ రీజన్స్ సార్" అని ఒక నవ్వు. నాకు ఒళ్లు మండింది కానీ బాబాయికి మాత్రం పండగే. గేటు పక్కన అద్దానికి ముక్కు ఆనించి నిలబడి, బయట ఆగి ఉన్న మా బండిని పైనుంచి కింది దాకా చూశాడు.

"ఆరు టైర్లేనా!"

నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. నిజమే, ముక్కు కింద రెండు, రెక్కల మొదట్లో అటు రెండు, ఇటు రెండు. ఆర్టీసీ బస్సుకీ అన్నే. అది ఎయిర్‌బస్ ఎ320 అని చెప్పాను. "పేర్లోనే బస్సుంది, ఇంకేం" అన్నాడు. ఆ టైర్లలో నైట్రోజన్ కొడతారని, ప్రెషర్ సుమారు 200 పీఎస్ఐ ఉంటుందని చెబితే, తన బండికి సగమే కొట్టేవాళ్లమని లెక్క చెప్పాడు.

అప్పుడే పచ్చ జాకెట్ వేసుకున్న కుర్ర పైలట్ ఒకతను టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చక్రాల గూట్లోకి లైటు వేశాడు, ఇంజిన్ నోట్లోకి తొంగి చూశాడు, రెక్క కింద తలెత్తి నడిచాడు. బాబాయి మొహం విప్పారింది. "మేమూ అంతేరా. డ్యూటీ ఎక్కే ముందు టైర్లు తట్టి చూడకుండా బండి తీస్తే కంట్రోలర్ ఊరుకోడు." ఇంజిన్ మధ్యలో నత్తగుల్ల చుట్టలా ఉన్న తెల్ల గీత ఏమిటని అడిగాడు. ఇంజిన్ తిరుగుతోందో ఆగి ఉందో కింద పనిచేసేవాళ్లకి దూరం నుంచే తెలియడానికి అన్నాను. తిరిగే ఇంజిన్ ముందుకు పోతే మనిషిని లోపలికి లాగేస్తుంది మరి.

"మరి ఇంజిను చక్రాలకి ఎట్లా కలిపారు? షాఫ్టు కనపడదే?"

కలపరు. అది చెప్పగానే ఆయన నావైపు అనుమానంగా చూశాడు. విమానం చక్రాలు ఎడ్లబండి చక్రాల్లాంటివి, వాటంతట అవి తిరగవు. ఇంజిన్ ముందున్న గాలిని మింగి వెనక్కి తోస్తుంది, ఆ తోపుకి బండి మొత్తం ముందుకు జరుగుతుంది, చక్రాలు ఊరికే దొర్లుతాయి. అందుకే గేటు దగ్గర వెనక్కి తీయాలంటే ఒక పొట్టి ట్రాక్టరు వచ్చి ముందు చక్రాన్ని పట్టుకుని నెడుతుంది. ఫోన్లో అడిగిన ప్రశ్నకి జవాబు కాసేపట్లో కళ్లారా చూశాడు. మనకంటే నయం, క్లీనరు వెనకాల నిలబడి "రానీ రానీ" అని అరిచే పని లేదన్నాడు.

మా సీట్లు ఎడమవైపు, రెక్క దాటాక రెండు వరసల వెనక. అందరూ రెక్క అడ్డమని తిట్టుకునే సీట్లు అవి. నేనూ తిట్టుకునేవాణ్ని. ఆ రోజు మాత్రం అంతకంటే మంచి సీటు ఆ విమానంలో లేదు.

ట్రాక్టరు వదిలేసి ఇంజిన్లు స్టార్ట్ చేస్తుండగా కాళ్ల కింద నుంచి "భౌ భౌ" మన్న చప్పుడు. బాబాయి సీటు కిందకి వంగాడు. "కుక్కని ఎక్కించారా సామాన్లలో?" ఎ320 ఎక్కినవాళ్లలో చాలామంది ఆ చప్పుడు విని గతుక్కుమంటారు. రెక్కల మీది పలకల్ని, చక్రాల్ని కదిపేది నూనె ఒత్తిడి. ఈ విమానంలో ఆ నూనె గొట్టాల వ్యవస్థలు మూడు ఉంటాయి, వాటికి ఆకుపచ్చ, నీలం, పసుపు అని రంగుల పేర్లు. ఆకుపచ్చకి, పసుపుకి మధ్య ఒక పంపు ఉంటుంది. ఒకదాంట్లో ఒత్తిడి తగ్గితే రెండోదాని బలంతో దాన్ని నిలబెడుతుంది. ఒక ఇంజిన్ మొదలై రెండోది ఇంకా మొదలవుతున్నప్పుడు ఆ పంపు ఆగి ఆగి అరుస్తుంది. బాబాయి పవర్ స్టీరింగ్ వచ్చిన తొలి రోజుల్లో తన బండి కూడా ఇలాగే ఏడ్చేదని చెప్పి స్థిమితపడ్డాడు.

రన్‌వే వైపు పోతుంటే రెక్క చివర వెనక అంచున ఉన్న పలక ఒకటి పైకీ కిందకీ ఆడింది. పైన పరిచినట్టున్న బిళ్లలు నాలుగు లేచి పడుకున్నాయి. పైలట్ చెక్ చేసుకుంటున్నాడు. చివరి పలక ఐలరాన్, లేచే బిళ్లలు స్పాయిలర్లు, రెక్క మొదట్లో వెనక్కి జరిగి వేలాడుతున్న పెద్ద పలకలు ఫ్లాపులు. పేర్లు బాబాయికి అక్కర్లేదు. "ఏది దేనికి?" అంతే.

పైకి లేచే సంగతి చెప్పడానికే కష్టపడ్డాను. చివరికి, "బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచేతిని ముందు వైపు కొంచెం పైకి వంచితే ఏమవుతుంది?" అన్నాను.

"చెయ్యి బయట పెట్టొద్దని ముప్పై ఏళ్లు చెప్పిన నన్నా అడిగేది?"

చిన్నప్పుడైనా పెట్టి ఉంటావుగా అంటే ఒప్పుకున్నాడు. చెయ్యి పైకి లేస్తుంది. అరచెయ్యి గాలిని కిందకి మళ్లిస్తుంది, గాలి చేతిని పైకి తోస్తుంది. రెక్క చేసేదీ అదే, కాకపోతే దాని ఒంపు వల్ల పై భాగం కూడా గాలిని కిందకి తిప్పుతుంది. బండి ఎంత జోరుగా పోతే అంత బలం. అందుకే గంటకి 250 కిలోమీటర్లు దాటే దాకా నేల మీదే పరిగెత్తాలి. ఆ వేగం కొంచెం తక్కువగా ఉన్నా లేవగలిగేలా రెక్క వెడల్పుని, ఒంపుని పెంచడానికే ఫ్లాపులు. బాబాయి వింటూనే ఉన్నాడు, ఈలోగా ముక్కు లేచింది. ఆయన కుడికాలు ముందు సీటు కిందకి గట్టిగా తన్నిపెట్టి ఉంది. యాక్సిలేటరో బ్రేకో నేను అడగలేదు.

పైకి లేచిన కాసేపటికి కింద ధబ్బుమంది. చక్రాలు కడుపులోకి ముడుచుకున్నాయి. ఫ్లాపులు మెల్లగా లోపలికి జరిగి రెక్క మళ్లీ సన్నబడింది. విమానం ఎడమకి వంగింది, ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వంగకుండా తిప్పలేడా?" మలుపులో మోటారు సైకిల్ ఎలా వంగుతుందో అలాగే. ఎడమ ఐలరాన్ పైకి లేస్తే ఈ రెక్క బలం తగ్గి కిందకి దిగుతుంది, కుడిది కిందకి వంగితే ఆ రెక్క పైకి పోతుంది. అప్పుడు రెక్కల బలమే బండిని పక్కకి లాగుతుంది. ఉత్త తోక తిప్పి మలుపు తీస్తే వానలో బస్సు జారినట్టు పక్కకి ఈడ్చుకుపోతుంది.

"రెక్క ఊగుతోందిరా." మేఘాల్లో కుదుపుకి నిజంగానే దాని కొస పైకీ కిందకీ ఆడుతోంది. ఊగకపోతే విరుగుతుంది అన్నాను. "కమాన్ కట్టలన్నమాట" అని తల ఊపాడు. డీజిలు ట్యాంకు ఎక్కడ అంటే అదే రెక్కని చూపించాను. కిరసనాయిలు జాతి ఇంధనాన్ని రెక్కల డొల్లలో నింపుతారు. గాల్లో రెక్కని పైకి వంచే బలానికి ఆ బరువు కొంత ఎదురుగా కూడా పనికొస్తుంది. కిటికీ అద్దం కింద భాగాన సూదిబెజ్జమంత రంధ్రం, దాని చుట్టూ పూతలా మంచు. అది ఆయనే కనిపెట్టి వేలితో మూయబోయాడు, కానీ రంధ్రం లోపలి పలకకి అవతల ఉంది. లోపలి గాలి ఒత్తిడిని బయటి అద్దమే మోసేలా, రెండు పలకల మధ్య ఒత్తిడి సరిచేయడానికి పెట్టిన రంధ్రం అది. అద్దం మసకబారకుండా కూడా చూస్తుంది. "లీకు కాదుగా?" అని రెండుసార్లు అడిగాడు.

సముద్రం కనపడేసరికి ఫ్లాపులు మళ్లీ బయటికొచ్చాయి. ఈసారి చాలా దూరం, మధ్యలో సందుల్లోంచి కింద నీళ్లు కనపడేటంత. విశాఖ రన్‌వే నేవీ వాళ్లది, ఐఎన్ఎస్ డేగా అనే వాళ్ల విమాన స్థావరం. మా విమానం దిగిందీ దాని మీదే. చక్రాలు తగలగానే రెక్క మీది బిళ్లలన్నీ ఒక్కసారి నిట్టనిలువుగా లేచాయి. బాబాయి "విరిగిందిరో" అని అరిచాడు, ముందు వరుసలో పిల్ల కిసుక్కున నవ్వింది. విరగలేదు, పని చేసింది. నేల తాకినా రెక్క ఇంకా బరువు మోస్తూనే ఉంటుంది. బిళ్లలు లేచి ఆ బలాన్ని చెడగొడితేనే బరువు మొత్తం చక్రాల మీద పడుతుంది. ఇంజిన్ కూడా బోరుమని, వెనక్కి తోసే గాలిని ముందుకి మళ్లించింది. "లోడు లేని బండికి బ్రేకు పట్టదు, తెలుసు" అన్నాడు. ఈ ఒక్క విషయం నేను చెప్పకముందే ఆయనకి తెలుసు.

మర్నాడు అన్నప్రాశన. మనవడు కత్తినీ పుస్తకాన్నీ వదిలేసి పాయసం గిన్నె పట్టుకున్నాడు, అందరూ సంతోషించారు. సాయంత్రం బాబాయి చొక్కా మార్చుకుని నన్ను లేపాడు. బీచ్ రోడ్డులో విమానం పెట్టారట కదా, పోదాం.

టీయూ 142. నేవీలో 1988 నుంచి 2017 దాకా పనిచేసిన రష్యా విమానం. ముక్కలుగా విడదీసి, రోడ్డు మీద తెచ్చి, బీచ్ రోడ్డు పక్కన మళ్లీ బిగించారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దాని పని సముద్రంలో జలాంతర్గాముల్ని వెతకడం. రోడ్డుకి అవతల ఇసకలో కుర్సురా జలాంతర్గామిని పెట్టారు. పిల్లీ ఎలుకా ఎదురెదురుగా రిటైరయ్యాయి.

పొడవు 53 మీటర్లు, రెక్కల కొసల మధ్య దాదాపు 50. మా ఎ320 దీని ముందు నిలబడితే తమ్ముడే. నాలుగు ఇంజిన్లు, ఒక్కోటీ 15 వేల హార్స్ పవర్ దాకా. బాబాయి వేళ్ల మీద లెక్క కట్టాడు. "నా బండికి నూట ముప్పయ్యో, నూట నలభయ్యో. అంటే నాలుగొందల బస్సులు. మా డిపోలో అన్ని లేవు." ప్రతి ఇంజిన్‌కీ రెండు ఫ్యాన్లు ఒకదాని వెనక ఒకటి, నాలుగేసి రెక్కలతో, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. ముందు ఫ్యాను గాలిని వెనక్కి తోస్తూనే గిరగిరా తిప్పేస్తుంది, ఆ తిరుగుడులో బలం వృథా. రెండోది ఎదురు తిరిగి ఆ సుడిని సరిచేసి దాన్నీ తోపుగా మారుస్తుంది. ఊరంతా వినపడే మోత కూడా ఉచితం.

అక్కడ మేం ఎక్కువసేపు నిలబడింది తోక దగ్గర. విమానంలో కూర్చుంటే తోక కనపడదు. నిలువు రెక్కకి వెనక తలుపులా వేలాడేది రడ్డర్, పడవ చుక్కాని లాంటిదే. పక్కగాలిలో దిగేటప్పుడు, ఒక ఇంజిన్ ఆగిపోయినప్పుడు ముక్కుని తిన్నగా ఉంచేది అదే. అడ్డ రెక్కలకి వెనక ఉన్నవి ఎలివేటర్లు, ముక్కుని పైకి లేపేవి, కిందకి దించేవి. ఆ బుల్లి అడ్డ రెక్కలు మామూలుగా తోకని పైకి లేపవు, కిందకి నొక్కుతాయి అంటే బాబాయికి నచ్చలేదు. ఇంత కష్టపడి ఎగురుతూ కిందకి నొక్కుకోవడమేంటి?

ఎడ్లబండి గుర్తుచేశాను. ఇరుసుకి ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడల మీద పడుతుంది, వెనక ఒక మనిషి కూర్చుంటే సరిపోతుంది. విమానం బరువు రెక్కల బలానికి కొంచెం ముందు ఉంటుంది, తోక ఆ వెనక కూర్చున్న మనిషి. బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాయన నన్ను వరిగడ్డి బండి వెనక అందుకే కూర్చోబెట్టేవాడు. నేను సరదాకనుకున్నా" అన్నాడు.

లోపలికి ఎక్కితే ఇరుకు. తీగలు, మీటలు, గుండ్రటి డయల్స్. పది గంటలకి మించి ఇందులో కూర్చుని ఎగిరేవాళ్లట. పైలట్ సీటు చూసి ఆయన రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు, ముట్టుకోకూడదని బోర్డు ఉంది మరి.

తిరుగు బస్సులో గాజువాక వైపు వెళ్తుంటే కిటికీ సీటు ఆయనకే ఇచ్చాను. కాన్వెంట్ జంక్షన్ దాటి బండి వేగం అందుకుంది. ఏదో చెబుదామని తిరిగి చూస్తే ఆయన చెయ్యి కిటికీ బయట ఉంది. అరచెయ్యి కొంచెం పైకి వంచాడు, చెయ్యి లేచింది. కిందకి వంచాడు, దిగింది. మళ్లీ పైకి.

"తాతగారూ, చెయ్యి లోపల పెట్టండి!" కండక్టరమ్మ అరిచింది.

"పెట్టేశానమ్మా" అన్నాడు బాబాయి, ఇంకోసారి వంచి చూసుకుని.