తమ్ముడి జమానతు

మిల్లులో మోటార్ల రాగి తీగ దొంగతనం జరిగిన రాత్రి ఇద్దరు హమాలీలు పనిలో ఉన్నారు. తర్వాత ఒక సాయంత్రం పోలీసులు ఇద్దరినీ ఒకే జీపులో తీసుకెళ్లారు. ఒకడు ఆ రాత్రే భోజనం వేళకు ఇల్లు చేరాడు. ఇంకొకడు మా తమ్ముడు. వాడు ఇల్లు చేరడానికి ఇరవై తొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఎక్కడ చిక్కుకున్నామో, ఏ కాగితం దగ్గర ముడి విడిందో రాస్తున్నాను. ఇలాంటి రోజు ఏ ఇంటికీ రాకూడదు. కానీ మాలాంటి ఇళ్లకు వస్తూనే ఉంది.

మేము ఎరుకల వాళ్లం. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు తాత పల్నాడు నుంచి మట్టి పనికి వచ్చి ఈ ఒడ్డునే ఉండిపోయాడు. అమ్మ ఇప్పటికీ బుట్టలు అల్లుతుంది. నేను అంగన్‌వాడీ టీచర్ని. తమ్ముడు మిర్యాలగూడ వైపు ఒక రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు. అంతకుముందు వాడి మీద ఒక్క కేసు కూడా లేదు.

2024 నవంబరు 12, మంగళవారం సాయంత్రం ఆరింటికి వాడిని తీసుకెళ్లారు. నేను స్టేషనుకు వెళ్లేసరికి రెండో అబ్బాయి వాళ్ల మామతో కలిసి మెట్లు దిగుతున్నాడు. చేతిలో ఒక కాగితం ఉంది. పిలిచినప్పుడు హాజరు కావాలని ఇచ్చే నోటీసు అది. మా వాడికి కూడా అలాంటిదే ఇచ్చి పంపమని అడిగాను. బల్ల దగ్గర కూర్చున్నాయన తల ఎత్తకుండానే, "ఏమమ్మా, మీ వాళ్లకు ఇది కొత్తా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. తమ్ముడు ఏమీ చేయలేదని చెబుదామని వెళ్లాను. ఆయన అడుగుతున్నది తమ్ముడి గురించి కాదు.

రెండు రాత్రులు వాడు అక్కడే ఉన్నాడు. గురువారం ఉదయం నాతో అరెస్టు మెమో మీద సంతకం పెట్టించారు. వాడిని చూడనిస్తారన్న ఆశతో చదవకుండా పెట్టేశాను. అందులో అరెస్టు సమయం ఆ ఉదయం తొమ్మిదిన్నర అని ఉంది. అరెస్టయిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. నా సంతకంతో మంగళవారం, బుధవారం రెండూ లెక్కలోంచి మాయమయ్యాయి. మీకు ఆ అవసరం పడితే సంతకం పక్కనే మీ చేత్తో నిజమైన తేదీ, గంట రాయండి. రాయనివ్వకపోతే అదే రోజు ఎస్పీకి, మేజిస్ట్రేటుకు రిజిస్టరు పోస్టులో రాసి పంపండి, రసీదు దాచుకోండి.

కోర్టు పద్నాలుగు రోజుల రిమాండు విధించింది. మర్నాడు కార్తీక పౌర్ణమి సెలవు. ప్రైవేటు వకీలు ఇరవై వేలు అడిగారు. మా ఊరి ఆశా కార్యకర్త 15100కు ఫోను చేయమని చెప్పింది. అది న్యాయసేవల సంస్థ నంబరు. సోమవారం నల్లగొండలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాను. ఆదాయం రుజువు కోసం మీసేవ చుట్టూ తిరగాలేమో అనుకున్నాను. అక్కర్లేదన్నారు. 1987 నాటి చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఎస్టీగా, కస్టడీలో ఉన్నవాడిగా మా తమ్ముడు రెండు విధాలా అర్హుడే.

వకీలు మేడమ్ పోలీసులు కోర్టుకు ఇచ్చిన రిమాండు రిపోర్టు తెప్పించి నా ముందు పెట్టారు. తండ్రి పేరు, వయసు, ఆ పక్కనే "కులం: ఎరుకల, వృత్తి: కూలీ". కిందికి వస్తే "బయట ఉంటే పారిపోయే అవకాశం ఉంది, మళ్లీ నేరాలకు పాల్పడగలడు" అని ఉంది. పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడు? ఒక్క కేసూ లేనివాడు "మళ్లీ" ఎలా చేస్తాడు? ఏడేళ్లకు మించి శిక్ష లేని కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలని, లేకపోతే నోటీసుతో సరిపెట్టాలని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పిందని ఆమె వివరించారు. రెండో అబ్బాయికి దక్కింది ఆ నియమమే. మా వాడి దగ్గర ఆ రెండు వాక్యాలే కారణాలయ్యాయి.

నవంబరు 25న బెయిలు వచ్చింది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. అసలు కష్టం అక్కడే మొదలైందని మాకు తెలియదు. పదిహేను వేల చొప్పున పూచీ పడే ఇద్దరు జమానతుదారులు కావాలన్నారు. ఇద్దరికీ భూమో ఇల్లో ఉండాలి, పట్టాదారు పాసుపుస్తకం చూపించాలి, తహసీల్దారు దగ్గర విలువ ధ్రువపత్రం తేవాలి, మళ్లీ కోర్టుకు వచ్చి నిలబడాలి. మా వాడకట్టులో ఇరవై రెండు ఇళ్లు. పాసుపుస్తకం ఉన్నవి రెండు. ఒకరు నేరుగానే చెప్పారు: "నీ తమ్ముడి మీద అనుమానం లేదమ్మా, రేపు నా పేరు కూడా వాళ్ల పుస్తకంలో ఎక్కుతుందని భయం." ఆయన మీద నాకు కోపం లేదు. ఇంకొకరు ఒప్పుకున్నారు. రెండో మనిషిగా పల్నాడు నుంచి మేనమామ వచ్చాడు, ఎకరం పత్తి చేను ఉంది. వేరే రాష్ట్రం పాసుపుస్తకం చెల్లదని వెనక్కి పంపారు. కోర్టు బయట ఒకతను ఆరు వేలిస్తే జమానతుదారును తానే నిలబెడతానన్నాడు. అమ్మ ముక్కుపుడక విప్పబోయింది. నేను వద్దన్నాను. దొంగ కాగితంతో బయటికి తెస్తే వాడు నిజంగానే దోషి అవుతాడు.

ఈలోగా రిమాండు పొడిగించారు. జైలులో ములాఖత్‌కు వెళ్తే తమ్ముడు, "బెయిలు వచ్చిందన్నావు కదక్కా?" అని అడిగాడు. వచ్చింది, కానీ రాలేదు అని ఎలా చెప్పాలి? వాడి చుట్టూ ఉన్నవారిలోనూ చాలామంది తీర్పు కోసం ఎదురు చూస్తున్నవాళ్లేనట. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే 4,34,302 మంది విచారణ ఖైదీలే.

మేనమామ సంగతి చెప్పగానే వకీలు మేడమ్ మోతీరామ్ కేసు తీశారు. ఆయన తాపీ మేస్త్రీ. పది వేల జమానతు అడిగారు, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. అది తప్పని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. దానికి తోడు బెయిలు వచ్చాక కూడా బయటపడలేని ఖైదీల గురించి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాలను జత చేశారు. స్థానిక జమానతు కోసం పట్టుబట్టవద్దన్న సూచన వాటిలో ఉంది. నేను జీతం స్లిప్పు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు ఇచ్చాను. పిటిషను వేసిన వారానికి, డిసెంబరు 11న, ఊళ్లోని ఒక్క జమానతుదారుతో, సొంత పూచీకత్తుతో వదలమని ఉత్తర్వు వచ్చింది. ఆ సాయంత్రం ఏడు దాటాక గేటు తెరుచుకుంది. వాడి చెప్పులు ఎక్కడో పోయాయి. బస్టాండు దాకా నా చెప్పులు వేసుకోమన్నా వినలేదు.

బెయిలులో ఒక షరతు ఉంది. ప్రతి ఆదివారం స్టేషనులో సంతకం పెట్టాలి. మొదటి ఆదివారం వెంట వెళ్లాను. వాడు పుస్తకం మీదికి వంగి పేరు రాస్తుంటే నాయనమ్మ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. పల్నాడులో ఉన్నప్పుడు తాత రాత్రిళ్లు నిద్రలోంచి లేచి హాజరు చెప్పి రావాల్సి వచ్చేదట. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం అది, పల్నాడు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1911లో వచ్చింది. పుట్టిన కులమే నేరం. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల వారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదని, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పునిచ్చింది. తమ్ముడిని తీసుకెళ్లింది అది వచ్చిన నలభయ్యో రోజున. ఆ తీర్పు ప్రతి ఇప్పుడు నా సంచిలో ఉంది.

ఇద్దరి మీదా చార్జిషీటు వేశారు. మొన్న వాయిదాకు రెండో అబ్బాయి వచ్చి బెంచీ మీద తమ్ముడి పక్కనే కూర్చున్నాడు. "ఆ రాత్రి మామ నా ఒక్కడి గురించే అడిగాడక్కా" అన్నాడు నేల చూస్తూ. వాడి తప్పేమీ లేదు, వాడికి జరిగిందే అందరికీ జరగాలి. ఆదివారం సంతకం షరతు ఎత్తేయమని మేము పిటిషను వేశాం. మొదటి కారణంగా నేనే అడిగి రాయించిన వాక్యం ఇది: ఇదే కేసులో రెండో నిందితుడికి ఈ షరతు లేదు.