గుమ్మం దగ్గర ఆగినవారి కప్పు

2023 జూన్ 21 రాత్రి, పెన్సిల్వేనియాలోని మా ఇంట్లో అందరూ నిద్రపోయిన తర్వాత, వంటగదిలో ఒక్క దీపం మాత్రం ఉంచుకుని, ల్యాప్‌టాప్ శబ్దం వీలైనంత తగ్గించి నేను ఒక ఐస్ హాకీ మ్యాచ్ చూస్తూ కూర్చున్నాను. ఆట జరుగుతున్నది దేశానికి ఆ చివర, కాలిఫోర్నియా ఎడారిలో కాబట్టి మాకు అర్ధరాత్రి దాటిపోయింది. అది కాల్డర్ కప్ ఫైనల్లో ఏడో మ్యాచ్, అంటే చివరిది. మా పక్క ఊరి జట్టు హెర్షీ బేర్స్ మొదటి రెండు మ్యాచ్‌లలో ఒక్క గోలైనా కొట్టలేక 5-0, 4-0తో ఓడిపోయి, సొంతగడ్డ మీద వరుసగా మూడు గెలిచి, ఆరోది మళ్లీ చేజార్చుకుని అక్కడిదాకా వచ్చింది. ఆ రాత్రి కూడా ముందు 0-2తో వెనకబడి, తర్వాత సమం చేసి, ఆటను ఓవర్‌టైమ్‌కు, అంటే అదనపు సమయానికి, లాక్కువచ్చింది. ఓవర్‌టైమ్ పదిహేడో నిమిషంలో మైక్ వెకియోనీ కొట్టిన గోలుతో కప్పు హెర్షీదయింది. కేక వేయబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

నిద్ర పట్టక, ఈ వెకియోనీ ఎవరా అని వెతికాను. అప్పటికి ఆయన వయసు ముప్ఫై. డ్రాఫ్ట్‌లో, అంటే పెద్ద జట్లు కుర్ర ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే ఏర్పాటులో, ఏ జట్టూ ఎంచుకోలేదు. 2017లో కాలేజీ ఆట ముగియగానే ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ తరఫున పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండు మ్యాచ్‌లు ఆడాడు. ఆ తర్వాత ఆరేళ్లు గడిచినా పెద్ద లీగ్‌లో మూడో మ్యాచ్ దక్కలేదు. ఈ కప్పును నేను చూసే చూపు ఆ రాత్రే మారిపోయింది.

ఇక్కడ కొంచెం వివరించాలి. ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి శిఖరం ఎన్‌హెచ్‌ఎల్. దానికి సరిగ్గా ఒక మెట్టు కింద ఉన్నది 1936లో మొదలైన అమెరికన్ హాకీ లీగ్. పై లీగ్‌లో 32 జట్లుంటే ఇక్కడా 32 జట్లు. ఒక్కొక్కటీ ఒక్కో పెద్ద జట్టుకు అనుబంధం. హెర్షీకి పై జట్టు వాషింగ్టన్ క్యాపిటల్స్. ఒక్కో జట్టు 72 మ్యాచ్‌లు ఆడాక 23 జట్లు ప్లేఆఫ్స్‌కు, అంటే ఓడినవారు తప్పుకునే చివరి దశకు, చేరతాయి. చివరికి మిగిలినవారికి దక్కేది కాల్డర్ కప్. ఎన్‌హెచ్‌ఎల్ తొలి అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ పేరు పెట్టిన ఈ కప్పును 1937లో మొదటిసారి సిరక్యూస్ స్టార్స్ గెలుచుకుంది. చాక్లెట్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన హెర్షీ అనే చిన్న ఊరు, వీధిదీపాలకు సైతం చాక్లెట్ ఆకారం ఇచ్చుకున్న ఊరు, దీన్ని 13 సార్లు గెలిచింది. మరే ఊరికీ అన్ని లేవు.

మన రంజీ ట్రోఫీతో పోల్చవచ్చు గానీ, ఒక ముఖ్యమైన తేడా ఉంది. రంజీ జట్టు రాష్ట్రానిది. ఇక్కడి ఆటగాళ్లలో ఎక్కువమంది జీతం, ఒప్పందం, భవిష్యత్తు అన్నీ పై జట్టు చేతిలో ఉంటాయి. ఒక కుర్రవాడు అద్భుతంగా ఆడుతున్నాడంటే అతడిని పైకి పిలిపించుకుంటారు. బాగా ఆడటమే ఆ ఊరికి దూరం కావడానికి దారి. కుర్రవాళ్లను తీర్చిదిద్దడమే ప్రధానం కనుక అనుభవజ్ఞులకు లీగే హద్దు పెట్టింది. ఒక మ్యాచ్‌కు దిగే 18 మంది స్కేటర్లలో (గోల్‌కీపర్లు కాక మిగతావారిలో) 13 మంది తక్కువ అనుభవం ఉన్న కొత్తతరం వారై ఉండాలి. మిగిలిన ఐదు చోట్ల కోసమే వెకియోనీ వంటివారు పోటీ పడాలి. పైకి పిలుపు రాదు, కింద చోటూ అంతంతమాత్రం. ఆ ఇరుకులోనే ఏళ్ల తరబడి నిలబడి ఆడేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

ప్లేఆఫ్స్ వచ్చేసరికి ఆట స్వభావమే మారుతుంది. మామూలు సీజన్‌లో సమమైతే ముగ్గురేసి ఆటగాళ్లతో ఐదు నిమిషాలు ఆడించి, అప్పటికీ తేలకపోతే షూటౌట్‌తో ముగిస్తారు. ప్లేఆఫ్స్‌లో ఆ వెసులుబాటు లేదు. గోలు పడేదాకా ఐదుగురేసి, ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే ఉండాలి. 2018 మే నెలలో షార్లెట్‌లో లీహై వ్యాలీ ఫాంటమ్స్, షార్లెట్ చెకర్స్ మధ్య జరిగిన మ్యాచ్ ఐదో ఓవర్‌టైమ్ దాకా సాగింది. ఆట గడియారం మీదనే 146 నిమిషాల 48 సెకన్లు. ఫాంటమ్స్ గోలీ (గోల్‌కీపర్) అలెక్స్ లయన్ ఆ ఒక్క మ్యాచ్‌లో 94 షాట్లు ఆపాడు. అది ఫైనల్ కూడా కాదు, మధ్యలో వచ్చే ఒక రౌండ్.

ఇంత కష్టపడి గెలిచిన జట్టు మరుసటి ఏడు అలాగే ఉండదు. 2024 ఫైనల్లో హెర్షీకి ఎదురుగా మళ్లీ అదే ఎడారి జట్టు కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్ నిలిచినప్పుడు, వారి కోచ్ డాన్ బైల్స్మాను పై జట్టు సియాటిల్ అప్పటికే తన కోచ్‌గా ప్రకటించింది; అయినా ఆయన ఫైనల్ ముగిసేదాకా తన జట్టుతోనే ఉన్నాడు. 2025లో కప్పు గెలిచిన అబాట్స్‌ఫర్డ్ కనక్స్‌కు ప్లేఆఫ్స్ అంతటా గోడలా నిలిచి ఉత్తమ ఆటగాడు అనిపించుకున్న గోలీ ఆర్టుర్స్ షిలోవ్స్, కప్పెత్తిన నెల తిరగకుండానే మరో సంస్థకు బదిలీ అయ్యాడు. ఆ జట్టు గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. దాని కోచ్ మ్యానీ మల్హోత్రా తండ్రి లాహోర్‌లో పుట్టి కెనడాలో స్థిరపడినవారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 991 మ్యాచ్‌లు ఆడి, 2011లో పక్ (ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తగిలి ఒక కంటి చూపు చాలావరకు పోగొట్టుకున్న మల్హోత్రా, ప్రధాన కోచ్‌గా మొదటి ఏడాదిలోనే ఈ కప్పు గెలిపించాడు. ఆ జట్టులోనే కెనడాలోని సర్రే ఊరి పంజాబీ కుర్రవాడు అర్ష్‌దీప్ బైన్స్ ఆడాడు. అతడినీ డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు.

నేను కళ్లారా చూసిన ఫైనల్ మాత్రం 2024 జూన్ 24 నాటిది. ఆ వేసవిలో మా నాన్నగారు హైదరాబాద్ నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న డైరీ ఉంటుంది. చూసిన ఆటల స్కోర్లన్నీ అందులో రాసుకోవడం నా చిన్నప్పటి నుంచీ ఎరిగిన అలవాటు. హెర్షీ జట్టు సొంత స్టేడియం జెయింట్ సెంటర్‌లో మా వరుస మంచుకు చాలా దగ్గర. జూన్ నెలలో శాలువా కప్పుకుని కూర్చున్న ఆయన, అద్దానికి ఆటగాడు గుద్దుకున్న ప్రతిసారీ ఉలిక్కిపడి, మళ్లీ ముందుకు వంగి చూసేవారు. మొదటి విరామంలో నేను వెకియోనీ కథ చెప్పాను. శ్రద్ధగా విని, "మన నరసింహారావు కూడా అంతే కదరా" అన్నారు. నాలుగు టెస్టులు ఆడి, ఆ తర్వాత పిలుపు లేక, 1986-87లో హైదరాబాద్‌కు రంజీ ట్రోఫీ గెలిపించిన కెప్టెన్ ఎం.వి. నరసింహారావు గురించి. జింఖానా మైదానంలో గట్టున కూర్చుని చూసిన ఆటల సంగతులు రెండో విరామం దాకా చెబుతూనే ఉన్నారు.

స్కోరు 4-4. ఓవర్‌టైమ్ మొదలయ్యాక పదివేల మంది నిండిన ఆ హాలులో స్కేట్ల గీతల చప్పుడు విడిగా వినిపించింది. ఆ నిశ్శబ్దాన్ని పగలగొట్టిన గోలు మాట్ స్ట్రోమ్‌ది. ముగ్గురు అన్నదమ్ములలో చివరివాడు. రయన్, డిలన్ అనే అన్నలిద్దరూ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లే, డిలన్ అయితే సాక్షాత్తూ వాషింగ్టన్ జట్టులోనే. మాట్‌కు ఆనాటికి పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచైనా దక్కలేదు.

వెండి కప్పు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ రింక్ చుట్టూ తిరుగుతోంది. ఇక బయలుదేరదామా అని అడిగితే నాన్నగారు చెయ్యెత్తి ఆగమన్నారు. డైరీ తీసి, నా చేత ఆ పేరు రెండుసార్లు పలికించుకుని, శాలువా కింద చలికి వణుకుతున్న వేళ్లతో తారీఖు వేసి, తెలుగులో "స్ట్రోమ్, 5-4" అని రాసుకున్నారు.