జీను కట్టనన్నా, వచ్చేశా

పోయిన శనివారం ఉద్యోగం మానేశా. హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో రెండేళ్లు పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పా, పొద్దున 5 గంటలకే వెళ్లి డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీసి, ఒళ్లంతా బ్రష్ చేసి, జీను కట్టి 6 కల్లా మొదటి బ్యాచ్‌కి రెడీగా పెట్టాల్సి వచ్చేది. పని ఎప్పుడూ బరువనిపించలేదు. మా సారు నోరే భరించలేకపోయా. పిల్లల తల్లిదండ్రుల ముందే "లద్ది ఎత్తడం తప్ప నీకేమొచ్చురా" అనేవాడు. (గుర్రం ఒంట్లో బాగుందో లేదో ముందు చెప్పేది ఆ లద్దేనండీ.)

ఆ రోజు మా ముసలి ఆడగుర్రం మేత ముట్టలేదు, కాలితో నేల గీరుతోంది, మాటిమాటికీ పొట్టవైపు తల తిప్పి చూసుకుంటోంది. కడుపునొప్పి, కోలిక్ అంటారు. గుర్రాలు వాంతి చేసుకోలేవు కాబట్టి లోపల ఏది అడ్డుపడినా ప్రాణం మీదికొస్తుంది. డాక్టరును పిలుద్దాం సార్ అన్నా. "బుకింగ్ ఉంది, నోర్మూసుకుని జీను కట్టు" అని అరిచి చేతిలో ఉన్న పగ్గం నా మీదికి విసిరాడు.

కట్టలేదు. గుర్రాల్ని చూసుకునే సైసు అన్నా, నేనూ డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా దాన్ని మెల్లగా నడిపిస్తూ ఉన్నాం. ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశాక సాయంత్రానికి లద్ది వేసింది, డిగ్రీ పాసైనప్పుడు కూడా నాకంత సంతోషం లేదు!

తాళాలు టేబుల్ మీద పెట్టి వచ్చేశా. ఈ నెల జీతం ఇంకా రాలేదు, అమ్మ తిడుతోంది. నా టెన్షన్ మాత్రం ఆ గుర్రం గురించే, రోజూ రాత్రి సైసు అన్నకు ఫోన్ చేసి తిన్నదా అని అడుగుతున్నా.