నాలుగు గుండ్రటి హెడ్‌లైట్లు

కారు తాళం చేతిలో పట్టుకుని పార్కింగ్‌లో అలాగే నిలబడిపోయాను. పక్కన ముదురాకుపచ్చ జాగ్వార్ ఎక్స్‌జే, సిరీస్ 3. జాగ్వార్ కంపెనీ ఊరు కోవెంట్రీలో ఇన్నేళ్లు ఉన్నా, దీన్ని ఇంత దగ్గరగా చూడటం ఇవాళే.

"తలుపు హ్యాండిల్ చూడండి" అన్నారు దాని ఓనరు, ఓ పెద్దాయన. తలుపులోకి చక్కగా ఒదిగిపోయి ఉంది. 1968లో వచ్చిన మొదటి ఎక్స్‌జేకి అది బయటికే ఉండేది. 1979లో ఈ సిరీస్ 3 కోసం ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరినా వాళ్లు హ్యాండిల్‌ని లోపలికి సర్దారు, పైకప్పుని కాస్త లేపారు. పెద్ద మార్పులేం కావు. పదకొండేళ్ల కారు మళ్లీ కొత్తదైపోయింది!

అసలు రూపం మాత్రం జాగ్వార్ స్థాపకుల్లో ఒకరైన విలియం లయన్స్‌ది. ఆయన కాగితం మీద గీసుకునే మనిషి కాదు. నిలువెత్తు నమూనా చేయించి, ఇంటి ముందు పగటి వెలుగులో పెట్టించి, చుట్టూ తిరిగి చూసేవారట. ఈ కారు నడుము వంపు దగ్గర చెయ్యి పెడితే నాకది నిజమే అనిపించింది.

1986లో ఖరీదైన మోడళ్లకి ఆ నాలుగు గుండ్రటి హెడ్‌లైట్ల బదులు నలుచదరపువి పెట్టారు. నాకవి ఎప్పుడూ నచ్చలేదు. 1994లో గుండ్రటివి తిరిగొచ్చాయి, ప్రాణం లేచొచ్చినట్టు. 2009లో వచ్చిన కారులో ఆ ముఖమే మారిపోయింది. 2019లో ఎక్స్‌జే తయారీయే ఆగిపోయింది.

పెద్దాయన బండి తీశారు. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.